నోరు లేని ఈగకు రెయిన్‌డీర్ మందలు ఎందుకు బెదురుతాయి?

నార్వే ఉత్తర కొసన ఫిన్‌మార్క్ అనే ప్రాంతం ఉంది. జూలైలో చాలా రోజులు అక్కడ సూర్యుడు అస్తమించడు. గాలి స్తంభించి, ఎండ కాస్త చురుక్కుమన్న మధ్యాహ్నం, ప్రశాంతంగా మేస్తున్న రెయిన్‌డీర్ల (మంచు ప్రాంతపు జింకల) మందలో ఒకటి ఉన్నట్టుండి తల విదిలిస్తుంది. వెనక కాలితో నేలను తన్నుతుంది. మరుక్షణం దిక్కూతెన్నూ లేకుండా పరుగు తీస్తుంది. దాని వెనకే మంద మొత్తం కదులుతుంది. తల్లుల నుంచి పిల్లలు తప్పిపోతాయి. చుట్టుపక్కల వెతికితే తోడేలు ఉండదు, తుపాకీ పట్టిన మనిషి ఉండడు. ఉన్నదల్లా ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న ఒక ఈగ.

ఆ ఈగ కుట్టదు. కుట్టడానికి దానికి పనిచేసే నోరే లేదు. అదే నేల మీద దోమలు, నల్ల ఈగలు గుంపులుగా వాలి రెయిన్‌డీర్ రక్తం తాగుతుంటాయి. వాటిని ఆ జంతువు చెవులు ఆడిస్తూ, చర్మం జలదరిస్తూ చాలావరకు భరిస్తుంది. రక్తం పీల్చేదాన్ని భరించి, ఏమీ చేయనట్టు కనిపించేదాన్ని చూసి ప్రాణభయంతో పారిపోవడం వింతగా ఉంటుంది. 1732లో ఉత్తర స్కాండినేవియాలోని లాప్‌లాండ్ అంతా తిరిగిన స్వీడన్ యువ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ కూడా ఈ బెదురును గమనించాడు. తర్వాత 1758లో ఆ ఈగకు శాస్త్రీయ నామం పెట్టింది కూడా ఆయనే. ఇప్పుడు దాన్ని హైపోడెర్మా టరాండి అంటున్నారు.

ఈ బెదురు వెనక ఉన్న లెక్క తెలియాలంటే ముందు ఈగ జీవితాన్ని చూడాలి. ఆ జీవితంలో ఈగగా గడిపే భాగం చాలా చిన్నది. మిగతాదంతా పురుగు కథే.

రెయిన్‌డీర్‌ను పట్టి పీడించే ఇలాంటి ఈగలు ముఖ్యంగా రెండు. ఒకదాని పురుగులు తోలు కింద పెరుగుతాయి, అదే హైపోడెర్మా టరాండి. రెండోదాని పురుగులు గొంతులో పెరుగుతాయి, దాని పేరు సెఫనెమియా ట్రోంపే. ఈ లాటిన్ పేర్లు పదేపదే వాడితే చదవడం కష్టం కాబట్టి ఒకదాన్ని తోలు ఈగ అనీ, రెండోదాన్ని గొంతు ఈగ అనీ పిలుచుకుందాం. రెండూ ఈస్ట్రిడే కుటుంబానివే. ఈ కుటుంబంలో సుమారు 150 జాతులు ఉన్నాయి. వాటన్నిటి పురుగులూ క్షీరదాల ఒంట్లోనే పెరుగుతాయి, మరోచోట బతకలేవు.

తోలు కింద తొమ్మిది నెలలు

తోలు ఈగ పైకి తుమ్మెదలా ఉంటుంది. ఒళ్లంతా పసుపు, నారింజ రంగుల నూగు. ప్యూపా (పురుగు ఈగగా మారే గూటి దశ) నుంచి బయటపడిన క్షణం నుంచి అది ఏమీ తినదు. పురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టుకున్న కొవ్వే దాని ఆస్తి. ఆ ఆస్తి కరిగిపోయేలోగా జత కట్టాలి, రెయిన్‌డీర్‌ను వెతికి పట్టుకోవాలి, గుడ్లు పెట్టాలి. ఆర్కిటిక్ వేసవిలో ఎగరడానికి అనువైన వెచ్చని గంటలు ఎన్నో ఉండవు. మబ్బు పట్టినా, గాలి గట్టిగా వీచినా, ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల కంటే తగ్గినా అది కదలకుండా కూర్చుండిపోతుంది. అందుకే ఎండ కాసి గాలి ఆగిన రోజున ఈగకు ఎక్కడలేని తొందర.

జత కట్టే పద్ధతి కూడా ఆ తొందరకు తగ్గట్టే ఉంటుంది. జాన్ ఆండర్సన్, ఆర్నె నిల్సెన్, ఇవార్ ఫోల్‌స్టాడ్ అనే పరిశోధకులు ఫిన్‌మార్క్‌లో దీన్ని దగ్గరి నుంచి చూశారు. మగ ఈగలు రెయిన్‌డీర్ల దగ్గర కాపు వేయవు. చెట్లు లేని లోయల్లో, రాళ్లు తేలిన వాగుల వెంట, బండి జాడల మీద ఎండకు కాగిన రాళ్లపై కూర్చుని, ఆ దారిన వచ్చే ఆడ ఈగల కోసం ఎదురుచూస్తాయి. జత కట్టాక ఆడ ఈగ పని మొదలవుతుంది. రెయిన్‌డీర్ వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ దానికి దారి చూపే ఆనవాళ్లలో ఒకటి. పరిశోధకులు ఇదే వాయువును ఎరగా పెట్టి బోనుల్లో రెండు రకాల ఈగలనూ పట్టారు.

ఆడ ఈగ దగ్గర కొన్ని వందల గుడ్లు ఉంటాయి. వాటిని ఒకేచోట కుప్పగా పెట్టదు. ఒక్కొక్క గుడ్డునూ ఒక్కొక్క వెంట్రుకకు, చర్మానికి వీలైనంత దగ్గరగా, జిగురుతో అంటిస్తుంది. జూలైలో రెయిన్‌డీర్ పాత బొచ్చు రాల్చి కొత్త పొట్టి బొచ్చు వేసుకుంటూ ఉంటుంది. వెంట్రుక పొట్టిగా ఉంటే గుడ్డుకు ఒంటి వేడి బాగా తగులుతుంది. ఆ వేడికి వారం అటూఇటుగా గుడ్డు చిట్లి, మిల్లీమీటరు పొడవు కూడా లేని పురుగు బయటకు వస్తుంది. వెంట్రుక వెంటే పాకి చర్మాన్ని చేరుతుంది. నోటి కొక్కేలతోనూ, మాంసకృత్తులను కరిగించే ఎంజైములతోనూ చర్మంలో దారి చేసుకుని లోపలికి దిగిపోతుంది. బయట మిగిలేది వెంట్రుకను పట్టుకున్న ఖాళీ గుడ్డు పెంకు మాత్రమే.

ఇక్కడి నుంచి వీపు వైపు ప్రయాణం. గుడ్డు కాలి మీద పెట్టినా, పొట్ట పక్కన పెట్టినా పురుగు చివరికి చేరేది వెన్నుకు అటూఇటూ, నడుము దగ్గరికే. ఈ ప్రయాణం చర్మం కిందనే సాగుతుంది. పశువులను పట్టే దీని దగ్గరి బంధువులు ఇలా చేయవు. వాటిలో ఒక జాతి పురుగులు చలికాలాన్ని ఆహారనాళం గోడలో గడుపుతాయి. మరో జాతి వెన్నెముక కాలువలోని కొవ్వులో తలదాచుకుంటుంది. అందుకే పశువులకు అదను తప్పి మందు వేస్తే, చచ్చిన పురుగుల చుట్టూ వాపు వచ్చి గొంతు మూసుకుపోవచ్చు, వెనక కాళ్లు చచ్చుబడవచ్చు. రెయిన్‌డీర్ విషయంలో పురుగు అలాంటి సున్నితమైన చోట్లలో మకాం వేయదు కాబట్టి మందు వేసేవారికి ఆ బెంగ లేదు. ఈ చిన్న తేడా మున్ముందు పనికొస్తుంది.

శరత్కాలానికి వీపు చేరిన పురుగు తోలుకు లోపలి వైపు నుంచి ఒక రంధ్రం చేస్తుంది. తర్వాత తోకను ఆ రంధ్రానికి ఆనించి, తలను లోపలికి పెట్టి స్థిరపడుతుంది. దాని శ్వాసరంధ్రాలు తోక కొసనే ఉంటాయి మరి. చుట్టూ రెయిన్‌డీర్ శరీరం ఎర్రబారి, వాచి, ఆ పరాయి వస్తువును వేరుచేయడానికి కండగోడ కడుతుంది. శరీరం తనను తాను కాపాడుకోవడానికి కట్టిన ఆ గోడే పురుగుకు ఇల్లవుతుంది. వాపు నుంచి ఊరే రసి, చీము దానికి ఆహారం. మైనస్ 30 డిగ్రీల చలిలో, మంచు తుపానులో, బయట ఏ కీటకమూ కదలలేని కాలంలో ఇది వెచ్చగా, కడుపునిండా తింటూ రెండుసార్లు కుబుసం విడిచి దాదాపు మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. వీపు మీద చేయి వేసి నిమిరితే తోలు కింద గట్టి బుడిపెలు వరుసగా తగులుతాయి. ఒక్క జంతువు మీద ఇలాంటివి పదులు ఉండడం మామూలే. దూడల మీద, బలహీనమైన వాటి మీద వందల్లో ఉంటాయి. వయసు మీదపడ్డ వాటిలో సాధారణంగా తక్కువ, ఎందుకంటే ఏటేటా పురుగులను ఎదుర్కొన్న శరీరం కొంత రోగనిరోధకత తెచ్చుకుంటుంది.

ఈ పురుగును చూసి అందరూ ముఖం తిప్పుకోరు. ఉత్తర కెనడాలో రెయిన్‌డీర్‌కు అడవి రూపమైన కారిబూను వేటాడి బతికిన ప్రజలు వీటిని పచ్చిగానే తినేవారు. 1770ల్లో ఆ ప్రాంతంలో నడిచిన ఇంగ్లీషు యాత్రికుడు శామ్యూల్ హెర్న్, అక్కడి పిల్లలు వీటిని ఎంతో ఇష్టంగా తింటారని, తనకు మాత్రం ఆ ఊహే చాలిందని రాశాడు. కొవ్వు, మాంసకృత్తులు నిండిన ముద్ద అది. చలికాలం చివర, వేట దొరకడం కష్టమైన రోజుల్లో దాన్ని వదులుకోకపోవడంలో వివేకమే ఉంది. తోలు సంగతి వేరు. వసంతంలో కోసిన తోలు జల్లెడలా ఉంటుంది, బట్టలకు పనికిరాదు. ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యుయిట్ల మహిళలు చలి దుస్తులకు ఆగస్టు చివర, సెప్టెంబరులో వేటాడిన కారిబూ తోళ్లనే ఎంచుకునేవారు. అప్పటికి పాత రంధ్రాలు మానిపోయి ఉంటాయి, కొత్తవి ఇంకా పడి ఉండవు.

ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలో పురుగు రంధ్రాన్ని పెద్దది చేసుకుని వెనకకు పాకి బయటపడి నేల మీద రాలుతుంది. గడ్డి, నాచు మధ్య దూరి ప్యూపాగా మారుతుంది. వాతావరణాన్ని బట్టి కొన్ని వారాల నుంచి రెండు నెలల దాకా అలా ఉండి జూలై, ఆగస్టులలో ఈగై లేస్తుంది. పురుగులు రాలే ఈ కాలంలోనే, మే నెలలో, రెయిన్‌డీర్లు ఈనుతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మంద వలసల గురించిన వాదమంతా దీని మీదే నిలబడింది.

గొంతులో కాపురం

రెండో ఈగది మరీ దుందుడుకు పద్ధతి. గొంతు ఈగ గుడ్లు పెట్టదు. గుడ్లను తన ఒంట్లోనే పొదిగి, బతికున్న పురుగులను చిన్న ద్రవ బిందువుతో కలిపి, గాలిలో నిలిచి ఎగురుతూనే రెయిన్‌డీర్ ముట్టె మీద, పెదవుల మీద చిమ్ముతుంది. రెప్పపాటు పని. ఆ పురుగులు లోపలికి పాకి గొంతు వెనక భాగంలోని సంచిలాంటి ఖాళీలకు చేరతాయి. చలికాలంలో చాలా భాగం అవి పెరగకుండా చిన్నవిగానే ఉండిపోతాయి. వసంతం సమీపిస్తుంటే గబగబా పెరిగి రెండు, మూడు సెంటీమీటర్ల ముద్దలవుతాయి. అప్పుడు గొంతులో డజన్ల కొద్దీ పురుగులు ముళ్లతో పట్టుకుని వేలాడుతుంటే జంతువు దగ్గుతుంది, తుమ్ముతుంది, ఊపిరి కోసం పెనుగులాడుతుంది. ఆ దగ్గుతోనే పురుగులు బయట పడతాయి. పురుగుకు కావలసిందీ అదే.

దీని పినతల్లి బిడ్డ తెలుగు నేల మీద ఉంది. గొర్రెల ముక్కుల్లో పురుగులు పెట్టే ఈస్ట్రస్ ఓవిస్ ఇదే కుటుంబానిది. అది కూడా గుడ్లకు బదులు బతికున్న పురుగులనే గొర్రె ముక్కు దగ్గర చిమ్ముతుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. రెండు రాష్ట్రాల్లో కలిపి మూడున్నర కోట్లకు పైగా ఉన్నాయి. గొర్రెలు ఎండవేళ ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చి గుమిగూడడం మన కాపరులందరూ చూసినదే. నీడ కోసం చేసే పని అది, ముక్కును ఈగ నుంచి దాచుకునే ఉపాయం కూడా. ఫిన్‌మార్క్‌లో రెయిన్‌డీర్లు ముక్కును నేలకు ఆనించి నిశ్చలంగా నిలబడడం కూడా అలాంటిదే.

ఈ గొంతు ఈగల బంధువు ఒకటి శాస్త్ర చరిత్రలో పెద్ద హాస్యానికి కారణమైంది. అమెరికా కీటక శాస్త్రవేత్త చార్లెస్ టౌన్‌సెండ్ 1927లో, న్యూమెక్సికో కొండల మీద తాను చూసిన సెఫనెమియా మగ ఈగ సెకనుకు 400 గజాల వేగంతో వెళ్తుందని రాశాడు. గంటకు 1,300 కిలోమీటర్లు. అంటే ధ్వని కంటే వేగం. పత్రికలు ఎగబడి అచ్చేశాయి. 1938లో నోబెల్ గ్రహీత ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దీన్ని లెక్క కట్టి చూశాడు. ఆ వేగంతో ఎగరాలంటే ఈగ సెకను సెకనుకూ తన బరువుకు ఒకటిన్నర రెట్లు ఆహారం తినాలి. ఎదురుగాలి ఒత్తిడికి తల నలిగిపోవాలి. మనిషిని తాకితే తుపాకీ గుండులా దూసుకుపోవాలి. ఆయన లెక్కలతో ఊరుకోలేదు. ఈగ పరిమాణంలో సీసపు ముక్కను దారానికి కట్టి గిరగిరా తిప్పి, కంటికి మసక గీతలా కనిపించే వేగం ఎంతో కొలిచాడు. గంటకు 40 కిలోమీటర్లు అని తేల్చాడు. ఏమీ తినని ఈగ ధ్వనిని మించి ఎగురుతుందని పదేళ్లకు పైగా నమ్మిన పెద్దలున్నారంటే, అచ్చులో కనిపించే అంకెకు ఉన్న మహిమ అప్పుడూ ఇంతేనన్నమాట.

నష్టం ఎక్కడ జరుగుతోంది?

ఇప్పుడు అసలు ప్రశ్న. తోలు కింద వంద పురుగులున్న రెయిన్‌డీర్‌కు నష్టమెంత? తోలు పాడవుతుంది. పురుగులు తినే తిండి జంతువు ఒంటి నుంచే వస్తుంది. రోగనిరోధక వ్యవస్థ నెలల తరబడి పోరాడుతూ శక్తి ఖర్చు చేస్తుంది. భారం మరీ ఎక్కువైన దూడలు చిక్కిపోతాయి, కొన్ని చనిపోతాయి. ఇవన్నీ నిజమే. అయినా పెద్ద జంతువుల్లో చాలా వరకు వసంతానికి పుండ్లు మాని, మళ్లీ మేతకు వెళ్తాయి. కేవలం పురుగు భారాన్నే చూస్తే జూలైలో ఆ పరుగు అర్థం కాదు.

నష్టంలో పెద్ద వాటా పురుగు ఒంట్లోకి చేరక ముందే జరిగిపోతుందని నాకనిపిస్తుంది. ఆర్కిటిక్‌లో పచ్చగడ్డి దొరికేది రెండు, మూడు నెలలు. ఆడ రెయిన్‌డీర్ ఆ కొద్ది కాలంలోనే పిల్లకు పాలివ్వాలి, చలికాలానికి కొవ్వు పట్టాలి, శరత్కాలంలో ఎదకు రావడానికి తగినంత బరువు పెరగాలి. బరువు చాలకపోతే ఆ ఏడు చూలు నిలవదు. సరిగ్గా ఈ కాలంలోనే, వెచ్చని రోజుల్లోనే, ఈగలు లేస్తాయి. ఈగ తిరుగుతున్నంతసేపు రెయిన్‌డీర్ మేయదు. నిలబడుతుంది, కాళ్లు తాటిస్తుంది, పరుగెత్తుతుంది, లేదంటే మేత లేని మంచు గడ్డల మీదికో గాలి కొట్టే శిఖరాల మీదికో వెళ్లిపోతుంది. పోగొట్టుకున్న ఆ గంటలు చలికాలంలో కొవ్వు లోటుగా బయటపడతాయి. అందుకే వెచ్చగా, పొడిగా గడిచిన వేసవి మనిషికి ఆహ్లాదంగా ఉన్నా, శరత్కాలంలో దూడల్ని తూకం వేసినప్పుడు బరువు తక్కువ కనిపించే అవకాశం ఎక్కువ. చల్లగా, గాలిగా గడిచిన వేసవిలో ఈగలకు పని దొరకదు, మంద నెమ్మదిగా మేస్తుంది.

అయితే రెయిన్‌డీర్ తప్పు చేస్తోందా? భయంతో మేత మానడం ఈగ చేసే హాని కంటే ఎక్కువ హాని చేసుకోవడం కాదా? అలా తీర్పు చెప్పడం తొందరపాటు. దోమ కుడితే పోయేది చుక్క రక్తం, నష్టం అక్కడితో సరి. తోలు ఈగ ఒక్కటే నిశ్చింతగా తన గుడ్లన్నీ ఒకే జంతువుకు అంటించగలిగితే, వచ్చే చలికాలం ఆ జంతువు వీపు మీద వందల బుడిపెలు. లక్షల ఏళ్లలో ఈగను చూసి నిలబడిన రెయిన్‌డీర్లు ఎక్కువ పురుగుల్ని మోసి, తక్కువ పిల్లల్ని కన్నాయి. పారిపోయినవాటి సంతానమే ఇప్పుడు ఎదురుగా ఉంది. భయం లేని మందలో పురుగుల భారం ఎంత ఉండేదో మనకు కనిపించదు కాబట్టే ఈ భయం అతిగా అనిపిస్తుంది.

మందలు ఎందుకు కదులుతాయి?

ఈగ భయం కొన్ని గంటల పరుగుతో ఆగిపోతుందా, లేక మంద ఏడాది పొడవునా నడిచే దారినే అది నిర్ణయిస్తుందా? 1991లో ఫోల్‌స్టాడ్, నిల్సెన్ తదితరులు ఆసక్తికరమైన వాదన ముందుకు తెచ్చారు. పురుగులు రాలేది వసంతంలో, ఈనే చోట. ఆ నేల కిందే ప్యూపాలు పడుకుని జూలైలో ఈగలవుతాయి. ఈనాక మంద అక్కడే ఉంటే, తాను రాల్చిన పురుగులే ఈగలై తన మీదికే వస్తాయి. ఈనగానే దూరంగా నడిచిపోతే ఈగలు లేచేసరికి అక్కడ ఎవరూ ఉండరు. ఫిన్‌మార్క్‌లో వేర్వేరు మందలను పోల్చి చూస్తే, ఈనిన చోటు నుంచి ఎక్కువ దూరం వెళ్లిన మందల్లో తోలు పురుగులు తక్కువగా కనిపించాయి.

వాదన అందంగా ఉంది. అందంగా ఉన్నంత మాత్రాన మొత్తం ఒప్పేసుకోనక్కర్లేదు. మందలు కదలడానికి వేరే కారణాలూ ఉన్నాయి. మంచు కరిగే కొద్దీ పైకి పాకే లేత మేత, సముద్ర తీరపు చల్లగాలి, తోడేళ్లు లేని చోట్లు. పైగా అక్కడి ఆదివాసులైన సామీ ప్రజల మందలు తమంతట తాము మాత్రమే కదలవు, తరతరాల అనుభవంతో కాపరులు వాటిని నడిపిస్తారు. ఈగ బలాన్ని తక్కువ అంచనా వేయకూడదని చూపించింది కూడా ఆ పరిశోధకుల్లో ఒకరైన నిల్సెనే. ఆండర్సన్‌తో కలిసి ఆయన ఈగలను సన్నని కడ్డీ చివర అంటించి, గుండ్రంగా తిరిగే పరికరం మీద ఎగరనిచ్చి చూశారు. జత కట్టిన ఆడ ఈగలు తమ జీవితకాలంలో వందల కిలోమీటర్లు ఎగరగల సత్తా ఉన్నవని తేలింది. మంద వంద కిలోమీటర్లు నడిస్తే ఈగ వెంటాడలేదని అనుకోవడానికి లేదు. నా అంచనా ఏమిటంటే వలస ఈగను తప్పించదు, పలచన చేస్తుంది. ఈగకు బతికే రోజులు తక్కువ, వెచ్చని గంటలు ఇంకా తక్కువ. వాటిలో సగం వెతుకులాటకే ఖర్చయినా మందకు లాభమే.

ఈగలు చేరని చోట రెయిన్‌డీర్ ఎలా ఉంటుందో చూడాలంటే నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్లాలి. అక్కడి పొట్టికాళ్ల రెయిన్‌డీర్లకు ఈ రెండు ఈగల బెడదా లేదు. అవి పెద్ద మందలు కట్టవు, దూర వలసలు చేయవు, రెండూ మూడూ కలిసి తీరిగ్గా మేస్తాయి. తోడేళ్లు కూడా అక్కడ లేవు కాబట్టి ఈ తీరికంతా ఈగ పుణ్యమే అనలేం. కానీ ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దక్షిణ నార్వే కొండల్లో ఇదే భయానికి మరో రకమైన సాక్ష్యం దొరుకుతోంది. యోటున్‌హైమెన్ పర్వతాల్లో వేసవిలోనూ కరగని మంచు పలకలు ఉండేవి. ఎండ ముదిరిన రోజు అడవి రెయిన్‌డీర్లు ఈగల నుంచి తప్పించుకోవడానికి ఆ పలకల మీదికి ఎక్కి గుంపుగా నిలబడేవి. చల్లని మంచు మీదికి ఈగలు పెద్దగా రావు. ఈ సంగతి పూర్వపు వేటగాళ్లకు తెలుసు. విల్లు పట్టుకుని అక్కడే మాటు వేసేవారు. గురి తప్పిన బాణాలు మంచులో కూరుకుపోయాయి. ఇప్పుడు భూతాపానికి మంచు కరుగుతుంటే అవి బయటపడుతున్నాయి. లాంగ్‌ఫొన్నె అనే ఒక్క మంచు పలక దగ్గరే 68 బాణాలు దొరికాయి, వాటిలో అన్నిటికంటే పాతది సుమారు 6,000 ఏళ్ల నాటిది. మంచు పలకలు తరిగిపోతే పురావస్తు శాస్త్రవేత్తలకు బాణాలు దొరుకుతాయి, రెయిన్‌డీర్‌కు మాత్రం ఈగల నుంచి తలదాచుకునే చోటు పోతుంది.

మందు, దాని పరిమితులు

సామీ కాపరులు పూర్వం పొగ పెట్టేవారు. పచ్చి కొమ్మలు, నాచు వేసి రాజేసిన పొగలోకి మంద తనంతట తానే వచ్చి నిలబడేది. ఇరవయ్యో శతాబ్దంలో రసాయనాలు వచ్చాయి. 1980ల నుంచి ఐవర్‌మెక్టిన్ వాడకం మొదలైంది. జపాన్ మట్టిలో దొరికిన ఒక బాక్టీరియా నుంచి పుట్టిన ఈ మందుకు గాను సతోషి ఓమురా, విలియం క్యాంబెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. కోవిడ్ రోజుల్లో మన మందుల దుకాణాల్లో జనం ఎగబడి కొన్న ఐవర్‌మెక్టిన్ ఇదే. కోవిడ్ మీద అది పనిచేయలేదు గానీ, రెయిన్‌డీర్ పురుగుల మీద గట్టిగా పనిచేస్తుంది. చలికాలం తొలినాళ్లలో, మందను ఆవరణలోకి తోలి, అమ్మకానికి వెళ్లేవాటిని వేరు చేసి, మిగిలినవాటికి ఒక్క సూది వేస్తే తోలు కింద పురుగులూ గొంతులోని పురుగులూ చస్తాయి. పురుగు వెన్నెముకలోనో ఆహారనాళంలోనో దాక్కోదు కాబట్టి ఎప్పుడు వేసినా ప్రమాదం లేదు.

ఇంత మంచి మందు ఉండగా ఈగను తుడిచిపెట్టలేమా? బ్రిటన్‌లో పశువుల తోలు ఈగ విషయంలో అది సాధ్యమైంది. అక్కడ పశువులు కంచెల్లో ఉంటాయి, లెక్క తప్పకుండా అన్నింటికీ మందు వేయవచ్చు, చట్టమూ వెనక నిలిచింది. ఉత్తర నార్వేలో ఒక దీవిని ఎంచుకుని, అక్కడి రెయిన్‌డీర్లకు వరుసగా రెండేళ్లు ఐవర్‌మెక్టిన్ వేసి నిల్సెన్ బృందం ప్రయత్నించి చూసింది. ఫలితాలు 2002లో ప్రచురించారు. నిర్మూలన విఫలమైందని శీర్షికలోనే ఒప్పుకున్నారు. చుట్టూ సముద్రం ఉన్న దీవిలోనే ఇలా జరిగితే, అడవి మందలూ పెంపుడు మందలూ సరిహద్దులు దాటి కలిసి తిరిగే ప్రధాన భూభాగంలో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. చేతికి చిక్కని నాలుగు జంతువులు చాలు, వందల ఈగలకు. అవి వందల కిలోమీటర్లు ఎగరగలవని ముందే చెప్పుకున్నాం.

మరో చిక్కు కూడా ఉంది. ఐవర్‌మెక్టిన్‌లో ఎక్కువ భాగం పేడలోనే బయటకు వస్తుంది. పేడను తిని మట్టిలో కలిపే పురుగులకు అది విషం. కాబట్టి కాపరులు చేయగలిగింది నిర్మూలన కాదు, అదుపు. ఏటా మందు వేసిన మందల్లో బుడిపెలు బాగా తగ్గాయి, తోలు ధర పలుకుతోంది. కానీ జూలైలో ఒక్క ఈగ కనిపించినా మంద పరుగు తీస్తూనే ఉంది. సూది పురుగును చంపుతుంది, పొరుగు మంద నుంచి ఎగిరొచ్చే ఈగను ఆపలేదు. పైన చెప్పిన లెక్క ప్రకారం అసలు నష్టం ఆ పరుగులోనే ఉంది మరి.

మనుషుల తలల మీద

తోలు ఈగ అప్పుడప్పుడు మనిషిని కూడా ఎంచుకుంటుంది. జుట్టు దానికి బొచ్చులాగే కనిపిస్తుంది కాబోలు, తల వెంట్రుకలకు గుడ్లు అంటించి పోతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ గమనించరు. చర్మంలో దూరిన పురుగు తనకు తెలిసిన దారి కోసం వెతుకుతుంది. మనిషి ఒంట్లో అది పూర్తిగా పెరగలేదు, కానీ నెలల తరబడి తల చర్మం కింద తిరుగుతూ ఉంటుంది. తలపై ఒక చోట వాపు వచ్చి, రెండు రోజుల్లో తగ్గి, మరో చోట తేలుతుంది. మెడ దగ్గర గ్రంథులు ఉబ్బుతాయి, కంటి చుట్టూ వాస్తుంది. ఫిన్‌మార్క్‌లో 2011, 2016 మధ్య ఇలాంటి 39 కేసులను వైద్యులు నమోదు చేశారు. వారిలో ఎక్కువ మంది పిల్లలే. అన్నిటికంటే ప్రమాదం పురుగు కంట్లోకి దిగినప్పుడు. చూపు పోయిన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి.

మన దగ్గర గొర్రెల ఈగ కూడా ఇదే పొరపాటు చేస్తుంది, ముక్కుకు బదులు మనిషి కంటి మీద పురుగుల్ని చిమ్ముతుంది. కంట్లో ఏదో కదులుతోందని వచ్చే రోగికి మంట, నీరు కారడం ఉంటాయి. అయితే ఆ పురుగులు సాధారణంగా కంటి పైపొర దాటి లోపలికి వెళ్లవు. కంటి వైద్యుడు చుక్కల మందుతో మొద్దుబరిచి, సన్నని పట్టకారుతో ఒక్కొక్కటిగా తీసేస్తే సరిపోతుంది.

తోలు ఈగ విషయంలో ఆ వెసులుబాటు లేదు, పురుగు కనిపించదు. అందుకే ఉత్తర నార్వే వైద్యులు వేసవి గడిచాక తల మీద వాపు చోటు మారుతోందని ఎవరైనా పిల్లవాణ్ని తీసుకొస్తే, ముందు జుట్టు పాయలు విడదీసి వెంట్రుకలకు అంటుకున్న ఖాళీ గుడ్డు పెంకుల కోసం చూస్తారు. పురుగు ఎంజైముకు వ్యతిరేకంగా శరీరం తయారుచేసే ప్రతిరక్షకాల కోసం రక్తపరీక్ష చేయిస్తారు. పురుగు ఉందని తేలితే ఇచ్చే మందు, రెయిన్‌డీర్‌కు వేసే ఐవర్‌మెక్టిన్నే.